లెక్కకు రాని మెమరీ
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు అప్పగించిన అంశం వినడానికి కుర్రవాళ్ళ వ్యవహారంలా ఉంటుంది. ఇంట్లో కంప్యూటరు పెద్ద పనేమీ చేయకపోయినా మెమరీ తొంభై శాతం నిండిందని చూపిస్తుంది, అడుగు కదలదు. అప్పుడేం చేయాలి? ఇది కచ్చితంగా మన విషయమే. పెన్షను స్లిప్పు, బ్యాంకు లెక్క, దూరాన ఉన్న పిల్లలతో మాట, అన్నీ ఇప్పుడు ఆ పెట్టెలోంచే. ఓటీపీ వచ్చి, దాన్ని నింపేలోగా తెర బిగుసుకుపోతే మళ్ళీ మొదటికి రావాలి. ప్రతిసారీ మనవణ్ణి పిలవడం మన స్వతంత్రాన్ని కొంచెం వదులుకోవడమే.

ముందుగా ఒక తికమక తీర్చుకుందాం. "మెమరీ నిండిపోయింది, ఫొటోలు తీసేయండి" అని చాలామంది అంటారు. ఫొటోలు ఉండేది హార్డ్ డిస్కులో. అది మన ఆఫీసు రికార్డు గది వంటిది. మెమరీ, అంటే ర్యామ్, మన బల్ల వంటిది. రికార్డు గదిలో ఎన్ని ఫైళ్ళున్నా బల్లకు భారం లేదు. బల్ల మీద తెరిచి పెట్టినవే చోటు తింటాయి. కనుక మెమరీ కోసం పెళ్ళి ఫొటోలు తుడిపేయవలసిన పని లేదు.

ఇక పరీక్ష. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజరు వస్తుంది. అందులో మెమరీ అన్న శీర్షిక మీద నొక్కితే ఎక్కువ తింటున్నవి పైకి వస్తాయి. సాధారణంగా అక్కడే దొంగ దొరుకుతాడు. బ్రౌజరులో ఇరవై ట్యాబులు తెరిచి ఉంచడం, రెండు యాంటీవైరస్‌లు పెట్టుకోవడం, కంప్యూటరు వెలగగానే పిలవకుండా వచ్చి కూర్చునే ప్రోగ్రాములు, ఇవీ మామూలు కారణాలు. స్టార్టప్ అన్న చోట అక్కరలేని వాటిని ఆపవచ్చు. 8 జీబీ ఉన్న పెట్టెలో ఏమీ తెరవకుండానే సగం దాకా వాడుకలో కనిపిస్తే అది రోగం కాదు. క్యాష్‌డ్ అని చూపే అంకె చూసి కూడా భయపడకండి. మళ్ళీ అవసరపడవచ్చని చేతికందేలా ఉంచుకున్న సరుకు అది, అడిగితే వెంటనే ఖాళీ చేస్తుంది.

అసలు చిక్కు, ఆ జాబితాలో దొంగ కనిపించనప్పుడు. సత్యనారాయణపురంలో ఉండే మన సభ్యులొకరి ఇంట్లో జరిగింది చెబుతాను. 8 జీబీ పెట్టె, కొని మూడేళ్ళు. సాయంత్రానికి 90 శాతం దాటి, వీడియోలో మాట్లాడుతుంటే కూతురి ముఖం బొమ్మలా నిలిచిపోయేది. ఒక దుకాణంలో చూపిస్తే "దీని పని అయిపోయింది, కొత్తది తీసుకోండి" అన్నారు. ఆయన సరేనన్నారు. అందుకు తీయబోయే సొమ్ము ఆయన భార్య కంటి శుక్లాల ఆపరేషన్‌కని పక్కన పెట్టినది.

ఆమె నాతో, "అన్నయ్యగారూ, కన్ను ఇంకో ఏడాది ఆగుతుంది గాని, పిల్ల ముఖం చూడకుండా ఆగలేనండీ" అన్నారు.

"తొందరపడకమ్మా, ముందు లెక్క వేద్దాం" అన్నాను.

నేను కాలువల మీద ఉద్యోగం చేసినవాణ్ణి. మాకు తెలిసిన లెక్క ఒక్కటే. ప్రకాశం బ్యారేజీ దగ్గర బందరు కాలువకు ఎంత వదిలాం, దిగువన తూముల్లో మొత్తం ఎంత తేలింది? రెండింటికీ నడుమ ఆవిరీ ఇంకుడూ పోగా ఇంకా పెద్ద తేడా ఉంటే, ఎక్కడో గట్టుకు బొరియ పడిందన్నమాట. ఆ బొరియ ఏ తూము రిజిస్టరులోనూ కనిపించదు. గట్టు వెంట నడిస్తేనే దొరుకుతుంది. శివారు రైతు మాత్రం నీరందక గగ్గోలు పెడతాడు.

ఇక్కడా అదే పద్ధతి. జాబితాలో ఉన్నవన్నీ కాగితం మీద కూడితే సుమారు రెండున్నర జీబీ వచ్చింది. పెర్‌ఫార్మెన్స్ పేజీలో మెమరీ దగ్గర "ఇన్ యూజ్" మాత్రం దాదాపు ఏడు జీబీ చూపింది. ఆ రెండింటికీ కొంత తేడా మామూలే గాని నాలుగు జీబీలకు పైగా మామూలు కాదు. అదే పేజీ అడుగున "నాన్ పేజ్డ్ పూల్" అని ఒక అంకె ఉంటుంది. ప్రింటరు, వైఫై వంటి పరికరాలను నడిపే డ్రైవర్లు తమ పనికి తీసుకునే మెమరీ అందులో పడుతుంది. మామూలుగా కొన్ని వందల ఎంబీ ఉండవలసినది అక్కడ మూడు జీబీ దాటింది. ఏదో ఒక డ్రైవరు మెమరీ తీసుకుని తిరిగి ఇవ్వడం లేదు. దీన్నే మెమరీ లీక్ అంటారు.

"రోజూ రాత్రి ఆపుతూనే ఉన్నాం గదా, అప్పుడన్నా ఖాళీ కావద్దా?" అని ఆయన అడిగారు. మంచి ప్రశ్న. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అన్న ఏర్పాటు ఉంది. షట్ డౌన్ నొక్కినప్పుడు మన ప్రోగ్రాములు మూసుకుంటాయి గాని, విండోస్ లోపలి భాగం, డ్రైవర్లతో సహా, డిస్కులో దాచబడి మర్నాడు అలాగే పైకి వస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే అంతా కొత్తగా మొదలవుతుంది. సీపీయూ పేజీలో "అప్ టైమ్" చూస్తే, ప్రతి రాత్రీ ఆపిన ఆ పెట్టె ఇరవై రోజులకు పైగా నడుస్తున్నట్లు చూపింది!

రీస్టార్ట్ చేశాం. ఆ అంకె మూడు వందల ఎంబీకి దిగింది. ఆ తరువాతి పని ఆమెగారు చేశారు. పాల లెక్క రాసే పుస్తకంలోనే రెండేసి గంటలకొకసారి అంకె రాసిపెట్టారు. మధ్యాహ్నానికి తొమ్మిది వందలు, రాత్రికి రెండు వేలకు దగ్గర. ఒక రోజు ప్రింటరు తీసేసి చూశారు, పెరుగుదల ఆగలేదు. మర్నాడు కెమెరా తీసేశారు, ఆగలేదు. మూడో రోజు వైఫై ఆపి, తీగతో ఇంటర్నెట్ పెట్టారు. అంకె కదలకుండా నిలిచింది. తూములు ఒక్కొక్కటే మూసి చూడటమంటే ఇదే. ఆ పెట్టె తయారీదారు సొంత సైటు నుంచి వైఫై డ్రైవరు కొత్తది దింపి వేశాం. వారం పాటు మూడు వందలకు అటూ ఇటూ ఉంది. ఖర్చు సున్న. ఆమె కంటి ఆపరేషన్ ఆ నెలలోనే అయింది.

ర్యామ్ ఎక్కువ వేయిస్తే సరిపోయేది కదా అంటారేమో. బొరియ ఉన్న కాలువకు నీరు పెంచితే ఏమవుతుందో మనకు తెలుసు. నిండడం నాలుగు రోజులు ఆలస్యమవుతుంది, అంతే. నిజంగా 4 జీబీయే ఉండి, లెక్కంతా సరిపోతూ ఇరుకుగా ఉంటే అప్పుడు వేయించండి. "స్లాట్స్ యూజ్డ్" అన్న అంకె చూస్తే ఖాళీ గది ఉందో లేదో తెలుస్తుంది.

ఈ లీకు చిన్నదని తీసిపారేయవద్దు. 1992 అక్టోబరులో లండన్ అంబులెన్స్ సర్వీసువారు కొత్త కంప్యూటరు పద్ధతి పెట్టారు. వాహనాన్ని పంపిన ప్రతిసారీ సర్వరులో కొద్దిపాటి మెమరీ తిరిగి విడుదల కాకుండా మిగిలిపోయేది. సుమారు మూడు వారాల్లో ఆ కొద్దికొద్దీ కూడి, నవంబరు 4 తెల్లవారుజామున అంతా నిలిచిపోయింది. సిబ్బంది కాగితం, కలం పట్టవలసివచ్చింది. విచారణ సంఘం 1993లో ఈ కారణాన్ని నివేదికలో రాసింది.

చివరిగా అన్నిటికన్నా ముఖ్యమైన మాట. కంప్యూటరు మందగించినప్పుడు మనిషి కంగారుపడతాడు. మోసగాడు కాచుకుని ఉండేది ఆ క్షణానికే. తెర మీద "మీ మెమరీలో వైరస్ ఉంది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని వస్తే అది దొంగ ప్రకటన. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఇవ్వదు. మెమరీ శుభ్రం చేస్తామనే ఉచిత ప్రోగ్రాములు వేసుకోకండి. ముక్కూమొహం తెలియనివాడు దూరం నుంచి మీ కంప్యూటరు చూస్తానంటే ఒప్పుకోకండి. తెర వాడి చేతికిస్తే పాసు పుస్తకం ఇచ్చినట్లే. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. అది సైబరు మోసాల జాతీయ సహాయ నంబరు. ఎంత త్వరగా చేస్తే సొమ్ము ఆపే అవకాశం అంత ఎక్కువ. మరొకటి, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అది వాడుతున్నవారు బ్యాంకు పనులకు ముందు పిల్లలతో సంప్రదించండి.

క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. మొదట రీస్టార్ట్ చేయండి. జాబితా చూడండి. కూడి, మొత్తంతో సరిపోల్చండి. తేడా పెద్దదైతే నాన్ పేజ్డ్ పూల్ చూసి, రోజంతా రాసిపెట్టండి. పరికరాలు ఒక్కొక్కటే తీసి చూడండి. ఆ తరువాతే జేబులో చేయి పెట్టండి. జీవితమంతా లెడ్జర్లు, రిజిస్టర్లు సరిచూసినవాళ్ళం మనం. ఈ లెక్క మనకు కొత్తదేమీ కాదు.