గల్ఫ్ సముద్రానికి జ్వరమొస్తే ముందు ఎవరికి తెలుస్తుంది?

(ఆడియో వినే వీలు లేనివాళ్ల కోసం ఈ ఎపిసోడ్ మాటలు ఇక్కడ రాసి పెడుతున్నాం. చాలావరకు మాట్లాడినట్టే ఉంచాం.)

డ్యూటీ దిగి బస్సులో కూర్చున్నవాళ్లు, రూంలో కూర పొయ్యి మీద పెట్టి వింటున్నవాళ్లు, అందరూ క్షేమమే అనుకుంటున్నా.

మామూలుగా మనం వీసాలు, జీతాలు, ఇన్సూరెన్సు గురించి మాట్లాడుకుంటాం. ఈసారి సముద్రం గురించి. సముద్రంతో మనకేం పని అంటారా? ఒక్క ప్రశ్న అడుగుతా. పొద్దున మీరు మొహం కడుక్కున్న నీళ్లు ఎక్కడివి?

ఊళ్లో అయితే బావి, బోరు, గోదావరి అని చెప్తాం. ఇక్కడ నల్లా అనండి, కుళాయి అనండి, అందులో వచ్చేది చాలావరకు సముద్రపు నీళ్లే. ఉప్పు తీసి పైపుల్లో పంపిస్తారు. కువైట్‌లో తాగే నీళ్లలో సుమారు 90 శాతం అలా వచ్చినవే. ఖతార్‌లో అయితే దాదాపు మొత్తం. అంటే ఈ సముద్రమే మన బావి. బావిలో ఏదైనా పడితే ఊరంతా పరుగెత్తుతుంది కదా. మరి ఈ బావిని ఎవరు చూస్తున్నారు, ఎట్లా చూస్తున్నారు అన్నదే ఇవాళ్టి మాట.

ముందు ఈ సముద్రం సంగతి తెలియాలి. ఇరాన్ వాళ్లు పర్షియన్ గల్ఫ్ అంటారు, అరబ్బులు అరేబియన్ గల్ఫ్ అంటారు. మనం ఉత్త గల్ఫ్ అనే అందాం. పేరుకు సముద్రమే గాని లోతు తక్కువ. సగటున 35 మీటర్లు, అంటే పదంతస్తుల బిల్డింగ్ అంత. పెద్ద సముద్రంలోకి దారి ఒక్కటే, హోర్ముజ్ జలసంధి. ఎండకు ఏడాదికి ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల నీరు ఆవిరైపోతుంది. వాన తక్కువ, వచ్చి కలిసే నదీ తక్కువ. అందుకే మామూలు సముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పుంటే ఇక్కడ 40 గ్రాములు, ఆపైన కూడా ఉంటుంది. ఇలాంటి చోట ఏదైనా చెడు కలిస్తే తొందరగా బయటికి పోదు. నీరు మొత్తం మారడానికి ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు 2008కి వెళ్దాం. అప్పుడు ఇక్కడున్న పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఎమిరేట్స్ తూర్పు తీరంలో, ఒమన్ వైపు నీళ్లలో, కంటికి కనపడనంత చిన్న నాచు ఒకటి విపరీతంగా పెరిగింది. నీళ్లు ఎర్రగా, గోధుమ రంగుగా మారిపోయాయి. దీన్నే రెడ్ టైడ్ అంటారు. అది హోర్ముజ్ దాటి గల్ఫ్ లోపలికి వచ్చింది. ఎనిమిది నెలలకు పైగా ఉంది, 1200 కిలోమీటర్లకు పైగా తీరాన్ని పట్టేసింది. చేపలు వేల టన్నులు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. వేట ఆగిపోయింది. ఉప్పు తీసే ప్లాంట్లలో ఫిల్టర్లు జిగురు పట్టి మూసుకుపోతుంటే కొన్నిటిని ఆపేయాల్సి వచ్చింది.

ప్లాంట్ ఆపితే ఏమవుతుంది? నిల్వ ఉన్నన్నాళ్లు నల్లా వస్తుంది. తర్వాత రాదు. అందుకే ఆ తర్వాత దేశాలు నిల్వల మీద పడ్డాయి. అబుదాబీ వాళ్లు లివా ఎడారిలో ఇసుక కింద 2.6 కోట్ల ఘనపు మీటర్ల నీళ్లు దాచిపెట్టారు. 2018లో ప్రారంభించారు. పది లక్షల మందికి మూడు నెలలు సరిపోయేలా లెక్క వేశారు. ఖతార్ కూడా అదే ఏడాది పెద్ద పెద్ద రిజర్వాయర్లు తెరిచింది.

నిల్వ ఒక భద్రత. రెండో భద్రత ముందే తెలియడం. నాచు మూడు రోజుల్లో మన తీరానికి వస్తుందని తెలిస్తే ప్లాంట్ వాళ్లు ట్యాంకులు నింపుకుంటారు, ఫిల్టర్లు సిద్ధం చేసుకుంటారు. పొద్దున లేచేసరికి గేటు దగ్గర ఉంటే చేసేదేం లేదు.

ముందే ఎట్లా తెలుస్తుంది? సముద్రాన్ని మూడు రకాలుగా చూస్తారు.

ఒకటి, పైనుంచి శాటిలైట్. నీళ్ల రంగును బట్టి నాచు ఎంత ఉందో అంచనా కడుతుంది. పైనీటి వేడి కొలుస్తుంది. రాడార్ ఉన్న శాటిలైట్ అయితే రాత్రి కూడా, మబ్బులున్నా కూడా నూనె తెట్టును పట్టేస్తుంది. నూనె ఉన్నచోట చిన్న అలలు అణిగిపోతాయి కాబట్టి బొమ్మలో అక్కడ నల్లగా కనపడుతుంది. కానీ రంగు చూసే శాటిలైట్‌కు దుమ్ము అడ్డం వస్తుంది. ఒడ్డు దగ్గర లోతు తక్కువ కాబట్టి అడుగున ఉన్న ఇసుకను చూసి నాచు అనుకునే ప్రమాదమూ ఉంది.

రెండు, నీళ్లలో లంగరేసిన బోయాలు. వేడి, ఉప్పు, ఆక్సిజన్ కొలిచి ఎప్పటికప్పుడు ఒడ్డుకు పంపిస్తాయి. అబుదాబీ పర్యావరణ సంస్థకు ఇలాంటివి ఉన్నాయి. అయితే గల్ఫ్ వేడి నీళ్లలో నెల తిరిగేసరికి సెన్సార్ మీద గవ్వలు, నాచు పట్టేస్తాయి. అప్పుడు లెక్క తప్పు చూపిస్తుంది. ఎవరో ఒకరు ఆ ఎండలో పడవ మీద వెళ్లి గీకి కడగాలి. పెద్ద సైన్స్ అంటాం గానీ దాని అడుగున కూలి పని ఉంటుంది. ఆ పని ఆగితే పైన ఉన్న కంప్యూటర్లన్నీ దండగ.

మూడు, పడవలో వెళ్లి సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చి మైక్రోస్కోప్ కింద చూడటం. ఇది ఏ జాతి నాచు, చేపల్ని చంపేదా కాదా అన్నది తేలేది ఇక్కడే.

ఇవన్నీ ఇవాళ్టి సంగతి చెప్తాయి. రేపటి సంగతి చెప్పేది మోడల్. అంటే కంప్యూటర్లో కట్టిన సముద్రం. దాన్ని గళ్ల నోటుబుక్కులా గళ్లు చేసి, ప్రతి గడిలో నీటి వేడి, ఉప్పు, ప్రవాహం పెట్టి, పైన వీచే గాలిని కలిపి, గంట గంటకూ ముందుకు నడుపుతారు.

ఒక ఉదాహరణ చెప్తా. మీ తమ్ముడు జగిత్యాల నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు వస్తున్నాడు. కరీంనగర్ దాటినా అని ఫోన్ చేశాడు. ఎన్నింటికి చేరతాడో మీరు మనసులో లెక్క వేస్తారు. అదే మోడల్. సిద్దిపేట దగ్గర మళ్లీ ఫోన్ చేసి, ట్రాఫిక్ ఉంది లేటవుతది అంటాడు. మీరు లెక్క సరిచేసుకుంటారు. శాటిలైటూ బోయాలూ చేసే ఫోన్ అది. ఫోన్ రాకపోతే ఎంత తెలివైనోడి లెక్క అయినా గంట గంటకూ తప్పుతూ పోతుంది.

దీన్ని వెనక్కి కూడా నడపొచ్చు. తీరంలో నూనె కనపడితే గాలి, ప్రవాహం బట్టి వెనక్కి లెక్కేసి, అది ఏ పక్కనుంచి వచ్చిందో, ఆ టైంలో అటు ఏ ఓడ పోయిందో వెతుకుతారు.

2017 ఎండాకాలం ఇంకో పాఠం నేర్పింది. శమాల్ గాలి మనందరికీ తెలుసు, కళ్లల్లో ఇసుక కొడుతుందని తిట్టుకుంటాం. ఆ గాలే సముద్రం మీది నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది. ఆ ఏడాది శమాల్ బలహీనపడింది. నీళ్లు కాగిపోయాయి. అబుదాబీ దగ్గర పగడాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు చచ్చిపోయాయి. పగడాల మధ్యే చేపలు పెరుగుతాయి. గాలి, నీటి వేడి కలిపి చూసే మోడల్ ఉంటే ఇలాంటి ప్రమాదం ముందే పసిగట్టొచ్చు.

అదే వేడి మన ఒంటికీ తగులుతుంది. ఆగస్టు రాత్రి చొక్కా పిండితే చెమట కారుతుంది చూడండి, ఆ ఉక్కకు మూలం కాగిన సముద్రమే. ఎమిరేట్స్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా బయటి పని నిషేధం. అది గడియారం చూసి పెట్టిన రూల్. ఉక్క గడియారం చూడదు. ఖతార్‌లో 2021 నుంచి ఇంకో రూల్ చేర్చారు. ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే లెక్క 32.1 డిగ్రీలు దాటితే ఏ టైం అయినా పని ఆపాలి. సముద్రం వేడిని రోజూ కొలవడం మన ప్రాణానికి కూడా పనికొచ్చే పనే.

మరి లోటు ఎక్కడుంది? నీళ్లకు సరిహద్దు లేదు, కొలతలకు ఉంది. గల్ఫ్ చుట్టూ ఉన్న ఎనిమిది దేశాలు 1978లో కువైట్‌లో ఈ సముద్రాన్ని కాపాడుకుంటామని ఒప్పందం రాసుకున్నాయి. అందులో ఇరాన్, ఇరాక్, సౌదీ అన్నీ ఉన్నాయి. కానీ గొడవలు పెరిగినప్పుడల్లా ఈ నీళ్లలో కొలిచేవాళ్లకు దారి మూసుకుపోతుంది. ఒమన్ గల్ఫ్‌లో ఓడలు వెళ్లలేని చోటికి నీళ్ల కింద ఈదే రెండు రోబోలను పంపారు. బ్రిటన్ సైంటిస్టులు, ఒమన్ సుల్తాన్ కాబూస్ యూనివర్సిటీ వాళ్లు కలిసి చేసిన పని. లోతులో ఆక్సిజన్ అనుకున్నదానికంటే దారుణంగా పడిపోయిందని 2018లో బయటపెట్టారు. చూడని చోట జబ్బు ముదురుతుందన్నమాట.

ఇలాంటి పని మన హైదరాబాద్‌లోనూ జరుగుతోంది. సముద్రం లేని ఊళ్లో, ప్రగతి నగర్‌లో, ఇన్‌కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1999లో పెట్టారు. చేపలు ఎక్కడ దొరుకుతాయో, అలలు ఎంత లేస్తాయో మన తీరం జాలర్లకు చెప్పేది, సునామీ హెచ్చరిక ఇచ్చేది వాళ్లే. కాకినాడ, విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్లకు ఆ మెసేజ్‌లు తెలిసే ఉంటాయి. సైన్స్ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే ఈ పేరు చెవిన వేయండి.

ఇక మనం చేయగలిగింది. నీళ్లు రంగు మారి చేపలు తేలుతుంటే అందులో దిగొద్దు, ఆ చేపలు తెచ్చి వండుకోవద్దు. సైట్ దగ్గర నూనె తెట్టు కనపడితే సేఫ్టీ ఆఫీసర్‌కు చెప్పండి. ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టొద్దు. పోర్టులు, ప్లాంట్ల దగ్గర చాలాచోట్ల ఫోటోలు నిషేధం. సహాయం చేయబోయి కేసులో పడకండి. నల్లా నీళ్లు వృథా చేయకండి, అది ఉచితంగా వచ్చిన నీరు కాదు.

మీలో ప్లాంట్లలో, పడవల మీద, బోయాల పనిలో ఉన్నవాళ్లుంటే కింద కామెంట్‌లో మీ అనుభవం రాయండి. కంపెనీ పేరు అక్కర్లేదు, పని ఎట్లా ఉంటుందో చెప్పండి చాలు. వచ్చేవారం మళ్లీ కలుద్దాం. నీళ్లు బాగా తాగండి, జాగ్రత్తగా ఉండండి. ఉంటా.