ఆకుపచ్చ బొత్తాము, ఎఱ్ఱ బొత్తాము

(పాఠశాల వార్షికోత్సవమునాడు తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఈ ఉదయము మన పిల్లలు ఏర్పఱచిన విజ్ఞాన ప్రదర్శనమును మీరందఱును చూచితిరి. అందు తొమ్మిదవ తరగతి బాలబాలికలు ఒక చెక్కపలకపై 12 వోల్టుల చిన్న మోటారును, ఒక రిలేను, రెండు బొత్తాములను అమర్చి చూపిరి. ఆకుపచ్చ బొత్తామును నొక్కి వ్రేలు తీసినను మోటారు తిరుగుచునే యుండెను. ఎఱ్ఱ బొత్తామును నొక్కగనే ఆగెను. దానిని చూచి యొక తల్లిగారు, "అయ్యా, మా వాకిటి గంట వ్రేలు తీయగనే ఆగిపోవును గదా! ఇది వ్రేలు తీసిన పిమ్మట గూడ ఎట్లు తిరుగుచున్నది?" అని మమ్మడిగిరి. చక్కని ప్రశ్న. మాకీ సభలో లభించిన కొలది కాలమును దానికి సమాధానము చెప్పుటకే వినియోగింపదలచితిమి. మేము ఇంజనీరులము కాము. పిల్లలతో పాటు నేర్చుకొన్నంత చెప్పెదము.

షోలాపురమున నివసించు మనకు మోటారు క్రొత్త వస్తువు కాదు. మన పెద్దలు తెలంగాణా ప్రాంతములనుండి మగ్గమును నమ్ముకొని యిచటికి వచ్చిరి. కాలక్రమమున చేతిమగ్గము మరమగ్గమైనది. చద్దరులు, తువాళ్లు నేయు కార్ఖానాలలో మనవారెందఱో పనిచేయుచున్నారు. కావున ఈ రెండు బొత్తాముల సంగతి మన పిల్లల పరీక్షలకే గాక మన చేతివ్రేళ్లకును సంబంధించినది.

మోటారునకు నేరుగా ఒక మీట వేసి త్రిప్పినచో నేమి? త్రిప్పవచ్చును. కాని ఒక అశ్వశక్తిగల త్రీఫేజు మోటారు నడచునపుడు సుమారు 2 ఆంపియర్ల విద్యుత్తును తీసికొనును. కదలిక లేని స్థితినుండి బయలుదేరునపుడు క్షణకాలము దానికి ఐదునుండి ఏడు రెట్లు లాగును. అంతటి ప్రవాహమును చేతిమీటతో కలుపుట, త్రెంచుట మంచిది కాదు. నిప్పురవ్వ లేచును; మీట కాలును; చేయి దానికి దగ్గఱగా నుండును. అందుచేత పెద్దలొక ఉపాయము కనిపెట్టిరి. చిన్న ప్రవాహముచేత పెద్ద ప్రవాహమును శాసించుటయే ఆ ఉపాయము.

తీగలో విద్యుత్తు పారునపుడు దగ్గఱనున్న దిక్సూచి ముల్లు కదలునని 1820లో ఆయర్‌స్టెడ్ కనుగొనెను. తీగను ఇనుముపై చుట్టి విద్యుత్తును పంపినచో ఇనుము అయస్కాంతమగును. విద్యుత్తు ఆగినచో ఆ గుణము పోవును. ఈ ధర్మమును ఆధారముగా గొని 1835 ప్రాంతమున అమెరికాలో జోసెఫ్ హెన్రీ రిలేను నిర్మించెను. తరువాత అది టెలిగ్రాఫునకు ప్రాణమైనది. మోటారు స్టార్టరులోని కాంటాక్టరు ఆ రిలేకు అన్న వంటిది. దానిలో ఒక తీగచుట్ట యుండును. చుట్టలో విద్యుత్తు పాఱినపుడు అది ఒక ఇనుపముక్కను లాగును. ఆ ముక్కతో పాటు మూడు పెద్ద కాంటాక్టులు కలిసి మోటారునకు త్రీఫేజు విద్యుత్తు పోవును. మన వ్రేలు నడపునది తీగచుట్టను మాత్రమే. మోటారును నడపునది కాంటాక్టరు.

ఇక ఆ తల్లిగారి ప్రశ్న. కాంటాక్టరులో మూడు పెద్ద కాంటాక్టులు గాక నాలుగవది చిన్నదొకటి గలదు. దానిని ఆకుపచ్చ బొత్తామునకు ప్రక్కదారిగా కలిపెదరు. బొత్తామును నొక్కగనే చుట్ట ఇనుమును లాగును. పెద్దవానితో పాటు ఈ చిన్న కాంటాక్టును మూతపడును. అప్పుడు చుట్టకు విద్యుత్తు వచ్చుటకు రెండు దారులు ఏర్పడును: ఒకటి మన వ్రేలిక్రింది దారి, రెండవది ఈ ప్రక్కదారి. వ్రేలు తీసినచో మొదటి దారి మూసికొనిపోయినను రెండవది యుండును. కావడి మోయువాడు ఒక భుజమునుండి మఱియొక భుజమునకు బరువు మార్చుకొన్నట్లు, వ్రేలు చేయుచుండిన పనిని ఆ చిన్న కాంటాక్టు మోయును. మన ఆజ్ఞను యంత్రము గుర్తుంచుకొనినదన్నమాట.

ఎఱ్ఱ బొత్తాము స్వభావము దీనికి విరుద్ధము. అది ఎల్లప్పుడును కలిసియే యుండును. చుట్టకు పోవు విద్యుత్తంతయు దాని గుండనే పోవలెను. నొక్కినచో దారి తెగును, చుట్ట తన శక్తిని కోల్పోవును, స్ప్రింగు కాంటాక్టులను విడదీయును, మోటారు ఆగును. ఇట్లేల అమర్చిరో పిల్లలను మేమడిగితిమి. ఒక బాలిక, "ఎఱ్ఱ బొత్తాము తీగ తెగిపోయినచో మోటారు దానంతట అదే ఆగిపోవును సార్" అని చెప్పినది. ఎంత సరియైన మాట! నొక్కినపుడు విద్యుత్తును పంపి ఆపునట్లు అమర్చి యుండినచో, తీగ తెగిన సంగతి ఆపదనాడు గాని మనకు తెలియదు. పొడవైన కార్ఖానాలో రెండు కొనలయందును ఎఱ్ఱ బొత్తాములు పెట్టి ఒకదాని వెనుక నొకటిగా కలిపినచో, ఎవరికి ఏది అందిన దానితో ఆపవచ్చును.

ఇంతకంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. కరెంటు పోయినపుడు చుట్టలోని శక్తి పోవును, కాంటాక్టులన్నియు విడిపోవును, ఆ చిన్న ప్రక్కదారియు తెగును. కరెంటు తిరిగి వచ్చినను మోటారు కదలదు. ఎవరైన వచ్చి ఆకుపచ్చ బొత్తామును మరల నొక్కవలెను. యంత్రము మన ఆజ్ఞను మఱచిపోయినది. ఈ మఱపు లోపము కాదు; మనలను కాపాడుటకే దానిని ఏర్పఱచిరి.

ఈ మాట మేము పుస్తకమునుండి నేర్చినది కాదు. 1996లో మేము వేఱొక పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయులముగా నుంటిమి. అచట బావినుండి తొట్టికి నీరెక్కించు పంపు బెల్టుతో నడచుచుండెను. దానికి స్టార్టరు లేదు. గోడమీద ఒక మీట మాత్రముండెను. కరెంటు పోయినను మీట వేసినది వేసినట్లే యుండును. ఒకనాడు పంపు ఆగిపోగా, బెల్టు జారినదేమోయని పాఠశాల నౌకరు చేతితో సవరింపబోయిరి. అంతలో కరెంటు వచ్చినది. ఆయన కుడిచేతి రెండు వ్రేళ్లు పోయినవి. మఱుసటి వారము గోడమీదికి స్టార్టరు వచ్చినది. వ్రేళ్లు తిరిగి రాలేదు. ఆ పంపును మేము ప్రతిదినము చూచుచుంటిమి. తరగతిలో విద్యుదయస్కాంతమును గూర్చి బొమ్మలు వేసి చెప్పుచుంటిమి. కాని ఆ మీట ప్రమాదకరమని ఎవరితోను చెప్పలేదు. పాఠము మాది, పంపు నౌకరుది అని తలచితిమి. ఆ తలపు నేటికిని మమ్ము బాధించుచున్నది.

కావుననే మీతో ఈ మాటలు చెప్పుచున్నాము. కరెంటు వచ్చినప్పుడెల్ల ప్రతి యంత్రముకడకును పోయి బొత్తాము నొక్కుట శ్రమయని, కొందఱు కాంటాక్టరునకు పుల్ల గ్రుచ్చుట, దారముతో కట్టుట, ఆకుపచ్చ బొత్తామును నొక్కియే యుంచునట్లు బిగించుట కలదు. అట్లు చేసినచో స్టార్టరు మరల గోడమీది మీటయే యగును. మన బంధువుల పొలములలో ఇట్టి పని చేయుటకే ఆటో స్టార్టర్లు వచ్చినవి. కరెంటు రాగానే పంపు దానంతట అదే నడచును. తెలంగాణాలో 2018 జనవరి 1నుండి వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తును ప్రారంభించినపుడు, ఆ ఆటో స్టార్టర్లను తీసివేయుడని అధికారులే రైతులను కోరిరి. అడుగువారు లేక పంపులు నడచుచునే యుండినచో భూగర్భజలము తఱిగిపోవునని వారి భయము.

స్టార్టరులో ఓవర్‌లోడు రిలే యని మఱియొక కావలివాడుండును. రెండు లోహములను అతికించిన రేకులు మోటారు విద్యుత్తు హెచ్చినపుడు వేడెక్కి వంగి చుట్టదారిని త్రెంచును. మూడు ఫేజులలో ఒకటి పోయినను, యంత్రము బిగిసికొనినను ఇట్లగును. మోటారు పేరుపలకపై వ్రాసిన ఆంపియర్లకు సరిగా దాని ముల్లును నిలుపవలెను. అది మాటిమాటికి ఆపివేయుచున్నదని ముల్లును పైకి త్రిప్పుట, జ్వరము హెచ్చినదని థర్మామీటరును పగులగొట్టుట వంటిది. కారణమును వెదకవలెను.

కడపట ఒక విన్నపము. రేపు మీ కార్ఖానాలో ఎలక్ట్రీషియనును దగ్గఱ నుంచుకొని, యంత్రమునకు ఎవరి చేయియు తగులకుండ చూచి, మోటారు నడచుచుండగా మెయిను ఆపి మరల వేయింపుడు. మోటారు దానంతట అదే బయలుదేరినచో ఆనాడే సరిచేయింపుడు. స్టార్టరు మూతను మాత్రము మీరు తీయవలదు. చిన్న ప్రవాహమైనను ఆ బొత్తాముల వెనుక 415 వోల్టులుండవచ్చును.

ఏమి చూడవలెనో సందేహము కలిగినచో ముందుగా మీ యింటి పిల్లవానినో పిల్లనో అడుగుడు. వారికి ఇది తెలుగులో తెలియును. ఆ ప్రశ్న వేసిన తల్లిగారికి వారి కుమారుడే ఈ ఉదయము పలకముందు నిలిచి సగము సమాధానము చెప్పినాడు. తక్కిన సగమును మేము చెప్పితిమి. 1996లో మేము చెప్పవలసియుండి చెప్పని మాటను నేడు మన పిల్లలు చెప్పుచున్నారు. వారి మాట వినుడని కోరుచు సెలవు గైకొనుచున్నాము.