మాటిమాటికీ ఫ్యూజు పోతుంటే
(రాజేంద్రనగర్‌లో జరిగిన నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల మాట రావలసిన చోట మోటారు సైకిలు ఫ్యూజు గొడవేమిటని కొందరు నవ్వుకొని ఉంటారు. నవ్వుకోనివ్వండి. మనలో చాలామందిమి బండి నడపడం మానుకున్నాము గాని, మన ఇళ్లలో బండ్లు ఆగలేదు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది మొదలు మన పిల్లలెందరో రాత్రి డ్యూటీలకు ఆరాంఘర్ మీదుగా ఆ రోడ్డునే పోతున్నారు. అక్కడ ఫ్యూజు పోతే చాలా బండ్లలో వెనుక దీపం కూడా ఆరిపోతుంది. వెనుక వచ్చే లారీవానికి మనవాడు కనబడడు. అందుచేత ఇది చిన్న విషయం కాదని నా మనవి.

మన కాలపు పాత చేతక్‌లలో చాలావాటికి బ్యాటరీయే ఉండేది కాదు. ఇంజను తిరిగితే దీపం, ఆగితే చీకటి. ఇప్పటి బండికి 12 వోల్టుల బ్యాటరీ, సెల్ఫ్ స్టార్టు, ఇంకా ఎన్నో ఉన్నాయి. వీటన్నిటికీ కాపలా సీటు క్రిందనో, ప్రక్క మూత లోపలనో ఉండే ఆ చిన్న ఫ్యూజు. 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు.

ఫ్యూజు పోవడం జబ్బు కాదు, జబ్బు ఉన్నదని చెప్పడం. ఆ చెప్పేవాని నోరు మూయించడమే మన అలవాటు. వెనుకటికి క్వార్టర్లలో పింగాణీ ఫ్యూజుకు రెండు పేటల తీగ చుట్టి "ఇక పోదులే" అనుకునేవారు గుర్తున్నారా? బండికి సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టడమూ అదే. 10 పెట్టవలసిన చోట 20 పెడితే ఫ్యూజుకు బదులు తీగ కాలుతుంది. ఆ తీగల కట్ట పోయేది పెట్రోలు ట్యాంకు క్రిందనే!

మా వీధి కుర్రవాని బండికి వారంలో మూడు ఫ్యూజులు పోయాయి. బాగుచేసినాయన ఎర్రది తీసి పసుపుది పెట్టి పంపించాడు. నేను దానిని తీయించి మళ్లీ ఎర్రదే పెట్టించి, ఒక్కటే అడిగాను: "ఎప్పుడు పోతోందిరా?" చూడలేదన్నాడు. చూసి చెప్పమన్నాను. మూడవనాడు వచ్చి, "తాతయ్యా, బండి వెనక్కు మళ్లించేటప్పుడే పోతోంది" అన్నాడు. సగం పని అయిపోయింది. హెడ్‌లైటు వెనుక, హ్యాండిలు తిరిగే చోట తీగల కట్ట ఇనుముకు ఒరుసుకొని, ఒక తీగకు నువ్వుగింజంత మేర రాగి బయటపడింది. హ్యాండిలు పూర్తిగా ఎడమకు తిప్పితే అది బాడీకి తగులుతోంది. తొడుగు వేసి, టేపు చుట్టి, కట్టను కాస్త వదులుగా కట్టాము. అంతే.

అలాగే బ్రేకు నొక్కగానే పోతే బ్రేకు లైటు దారి చూడాలి. హారను నొక్కితే పోతే హారను దారి. గుంతలో పడ్డప్పుడు పోతే వెనుక మడ్‌గార్డు లోపలి తీగ. తరువాత తగిలించిన పెద్ద హారన్లు, ఫాగ్ లైట్లు, ఫోను ఛార్జర్లు ఉంటే ముందుగా వాటినే ఊడదీయండి. నా అనుభవంలో సగం దొంగలు అక్కడే దొరుకుతారు. వ్యవసాయ విశ్వవిద్యాలయం పొలాల అంచున ఇళ్లున్నవారికి ఎలుకల సంగతి నేను చెప్పాలా? పోయిన ఫ్యూజును పారేయకుండా చూడండి. లోపల నల్లగా మాడితే గట్టి షార్టు; తీగ మెల్లగా కరిగి తెగినట్టుంటే మోయలేని బరువు.

ఏమీ తెలియకపోతే 12 వోల్టుల, 21 వాట్ల బ్రేకు లైటు బల్బు ఒకటి తెచ్చి, రెండు తీగలతో ఫ్యూజు స్థానంలో కలపండి. ఇంజను ఆపి, తాళం మాత్రం తిప్పండి. షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది గాని తీగ కాలదు. రెండు ఆంపియర్లకు మించి పోనివ్వదు. అప్పుడు ఒక్కొక్క కనెక్టరూ ఊడదీస్తూ పోవాలి. ఏది తీసినప్పుడు బల్బు మసకబారుతుందో దొంగ ఆ దారిలో ఉన్నాడు. నాలుగు ఫ్యూజులు తగలేసే పని ఒక బల్బుతో తీరుతుంది. 2020 తరువాతి బండ్లలో కంప్యూటరు పెట్టె ఉంటుంది. దాని కనెక్టరు జోలికి మాత్రం పోకండి, వర్కుషాపుకు పంపండి. ఇంజను వేగం పెంచినప్పుడే పోయే ఫ్యూజుకూ అంతే. అది రెగ్యులేటరు లోపం కావచ్చు, మీటరు పెట్టి చూడాలి.

అదే నంబరు ఫ్యూజులు రెండు బండిలో ఉంచమని పిల్లలకు చెప్పండి. దారిలో పోతే ముందు బండిని రోడ్డు దింపాలి, తరువాతే సీటు విప్పాలి.

ఎవరింట్లోనైనా ఇటువంటి బండి ఉంటే వచ్చే సమావేశానికి తీసుకొని రండి. బల్బూ, తీగలూ నా చేతిసంచిలో ఉంటాయి. సెలవు.