కంటిపొరకి చిరుగు పడితే



కంటికి లేజరు అనగానే కళ్లజోడు వదిలించుకోడానికి చేసేదే అనుకుంటారు చాలామంది. అది కంటి ముందుభాగానికి. నేను చెప్పబోయేది కంటి వెనకగోడని అంటుకుని ఉండే పల్చటి పొర, రెటీనా సంగతి.

వయసు మీద పడ్డకొద్దీ కంటిలోపలి జిగురుపదార్థం కుదించుకుని ఈ పొరని లాగుతుంది. ఒక్కోసారి పొర చిరుగుతుంది. మైనస్ అద్దాలవాళ్లకి ఈ భయం ఇంకా ఎక్కువ. చిరిగినా నొప్పి ఉండదు, అదే చిక్కు! కంటి పక్కన మెరుపు మెరిసినట్టు, ఉన్నట్టుండి మసి రాలినట్టు నల్లని నలుసులు కనిపిస్తాయి. "వయసు కదమ్మా, పండగ వెళ్లాక చూద్దాంలే" అని మన అత్తగార్లు వంటింట్లోకి వెళ్లిపోతారు.

చీరకొంగు చిరిగితే, పెద్దది కాకముందే చుట్టూ కుట్టు వేస్తాం కదూ? డాక్టర్లు చేసేదీ అదే. చిరుగు చుట్టూ లేజరుకాంతితో వరసగా చుక్కలు కాలుస్తారు. అక్కడ మచ్చకట్టి పొర గోడకి అతుక్కుంటుంది. మామూలుగా కుర్చీలో కూచోబెట్టి, కంట్లో చుక్కలమందు వేసి చేసేస్తారు.

ఈ ఆలోచన ఎలా వచ్చిందనుకున్నారు? 1945లో సూర్యగ్రహణం చూసి కంటిపొర కాలినవారిని చూశాక, జర్మనీ డాక్టరు మేయర్ ష్వికెరాత్‌కి తట్టిందట. లేజరు పుట్టింది 1960లో. ఆయన మొదట ఎండతోనే ప్రయత్నించాడు. గ్రహణం చూడొద్దని మన బామ్మలు ఊరికే కేకలేశారా!

మరి గడ్డకట్టించే వైద్యం ఎందుకు? కాంతి కంటిపాపలోంచి లోపలికి పోవాలి. లోపల రక్తం చిమ్మినా, శుక్లం ముదిరినా దారి ఉండదు. అప్పుడు కన్ను మొద్దుబారడానికి మందిచ్చి, బయట తెల్లగుడ్డు మీద పెన్సిలులాంటి పరికరం ఆనించి ఆ చోటుని చలితో గడ్డకట్టిస్తారు. అక్కడా మచ్చకట్టే అతుక్కుంటుంది. కాకపోతే రెప్ప వాస్తుంది, కన్ను కొన్నాళ్లు ఎర్రగా ఉంటుంది. అందుకే వీలున్నచోట లేజరుకే మొగ్గు. అలాగని రెండోది చెబితే "పాతవైద్యం" అని తీసిపారేయకండి, మీ కంటికి అదే తగినది కావచ్చు.

ఏది చేసినా అతుకు గట్టిపడడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. నీళ్లబిందెలు ఎప్పటినుంచి ఎత్తవచ్చో డాక్టర్నే అడగండి. నలుసులు వెంటనే పోవు, కంగారుపడకండి. కానీ పక్కనుంచి తెర దిగినట్టు నీడ కనిపిస్తే, పొర ఊడుతోందన్నమాట. అప్పుడీ కుట్టు ఒక్కటే సాధారణంగా చాలదు, పెద్ద ఆపరేషనే కావాలి. అందుకని మెరుపులూ నలుసులూ కొత్తగా మొదలైన రోజే వెళ్లాలి.

పరీక్షకి చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. మీ అత్తగారిని ఒక్కరినే ఆటో ఎక్కించి పంపకండి, తోడు వెళ్లండి.