ఇంటి కంప్యూటరునకు లినక్స్ తగునా?



ఇంట కంప్యూటరు గలవారిలో పెక్కుమంది దానితోడనే వచ్చిన విండోసును వాడుచుందురు. అది వారు కోరి యెన్నుకొన్నది కాదు. పెట్టెతో కూడ వచ్చినది. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10నకు మైక్రోసాఫ్టు సంస్థ యిచ్చు సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 నడచుటకు టి.పి.ఎమ్. 2.0 అను భద్రతా సాధనమును, కొంత క్రొత్త ప్రాసెసరును ఉండవలెను. ఇందుచే చక్కగా పనిచేయుచున్న యంత్రములు సైతము మూలబడు స్థితికి వచ్చినవి. అట్టి యింటివారికి లినక్స్ ఆధారమగునా యనునది విచారింపదగిన విషయము.

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను ప్రయత్నమును ప్రకటించెను. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తాను వ్రాసిన కెర్నెలును లోకమునకు వెల్లడించెను. ఈ రెంటి కలయికచే పూర్ణమైన ఆపరేటింగ్ సిస్టము ఏర్పడినది. దీని మూలము నెవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, ప్రతి తీసి పొరుగువాని కీయవచ్చును. వెల లేకపోవుటయే దీని గొప్పతనమని తలచుట పొరపాటు. తాళపత్ర గ్రంథమునకు ప్రతి వ్రాసికొన్నవాడు మరియొకనికి వ్రాసికొననిచ్చినట్టి స్వేచ్ఛయే యిందలి సారము. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన అను తెలుగు ఫాంట్లు లినక్సునందు చేరుటకును ఈ స్వేచ్ఛయే కారణము.

అయినను గృహస్థునకు కావలసినది చరిత్ర కాదు, పని. ఉత్తరము వ్రాయుట, కరెంటు బిల్లు కట్టుట, పిల్లల పాఠములు, సినిమా, దూరమున నున్న బిడ్డలతో ముఖాముఖి మాటలు — ఇంటి పని ప్రాయికముగా నింతే. వీనికి ఫైర్‌ఫాక్సు, లిబ్రెఆఫీసు చాలును. లినక్సు పేరు వినగనే బెదరువాని జేబులోని ఆండ్రాయిడ్ ఫోను సైతము లినక్సు కెర్నెలు మీదనే నడచుచున్నది! ఉబుంటు దీర్ఘకాలిక ప్రతి రెండేండ్ల కొకటి వెలువడును. ఒక్కొక్క దానికి ఐదేండ్లు సవరణలు ఉచితముగా లభించును.

కాని పేజ్‌మేకరులో అను ఫాంట్లతో పుస్తకములు కూర్చువానికి, ట్యాలీలో పద్దులు వ్రాయు వర్తకునకు లినక్సు తగదు. ఆ సాధనములు విండోసునకై చేయబడినవి. వైన్ అను ఉపాయముచే కొన్ని నడచునందురు; నిత్యవ్యాపారమును దానిపై నిలుపుట సాహసమే. అను ఫాంట్ల పాత వ్రాతలు యూనికోడు కావు గనుక, ఆ ఫాంట్లు లేనిచోట అక్షరములు చిందరవందరగా గానవచ్చును. ఆ దోషము లినక్సుది కాదు.

అసలు చిక్కు వేరొకటి కలదు. పల్లెలో కంప్యూటరు బాగుచేయువానికి తరచుగా విండోసే తెలియును. పట్టణమునుండి వచ్చిన కుమారుడు ఒక్క రాత్రిలో లినక్సు నెక్కించి మరునాడు బస్సెక్కినచో, ప్రింటరు మొరాయించిన దినమున ముసలి తల్లిదండ్రు లెవరి నడుగుదురు? ఊరిలో తెలిసినవా డొక్కడైన నున్నచో మార్చుకొనవచ్చును, లేనియెడల తొందరపడరాదు.

మార్చదలచినవారు మొదట పెన్‌డ్రైవునుండి నడిపి చూడవచ్చును; అట్లు చేసిన లోపలి డిస్కునం దేమియు మారదు. ధ్వని, వైఫై, ప్రింటరు పనిచేయునో లేదో అప్పుడే తెలియును. తరువాత ఫోటోలను, పత్రములను వేరుచోట భద్రపరచి, అటుపిమ్మటనే డిస్కుపై నెక్కింపవలెను. గ్రంథాలయమున పాత కంప్యూటరొకటి యున్నచో, దానిపై లినక్సు నుంచి పాఠకులను కొన్నాళ్లు వాడి చూడనిచ్చుట మేలు.