తామర తొట్టిలో దోమ పుట్టకుండా
(మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



కడియం, కడియపులంక నర్సరీల్లో పనికెళ్ళే మనవాళ్ళు చాలామంది. అక్కడ చూసొచ్చి ఇంటి ముందు సిమెంటు తొట్టెల్లో, పాత టబ్బుల్లో తామర, కలువ వేసుకున్నాం. కొందరం దుంపలమ్మి నాలుగు రూపాయలు కళ్ళజూస్తున్నాం కూడా. అయితే శుక్రవారం డ్రై డే అంటూ ఆశా కార్యకర్త వచ్చి తొట్టి పారబోయమంటుంది. ఆమె మాటలో తప్పేం లేదు. డెంగీ దోమ మురుక్కాలవలో కాదు, మనింటి నిలవ నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో ఆ గుడ్డు దోమై ఎగురుతుంది. మరి మొక్క ఉన్న తొట్టిని వారం వారం ఎలా పారబోస్తాం?

అందుకే చేపలు వేశాం. గంబూసియా, గప్పీ రెండూ దోమ లార్వాలను తింటాయి. గంబూసియా 1928లో ఇటలీ నుంచి మన దేశానికొచ్చింది. కాస్త పోకిరి చేప, పక్క చేపల రెక్కలు కొరుకుతుంది. మేం గప్పీలే వేసుకోమంటాం.

కొత్త సిమెంటు తొట్టిలో సున్నం దిగుతుంది. రెండు వారాలు నీళ్ళు నింపుతూ, పారబోస్తూ ఉంటేగానీ చేప బతకదు. అడుగున బాగా చివికిన పశువుల ఎరువు కొంచెం, దానిమీద మందంగా బంకమట్టి వేయాలి. పచ్చి పేడ వేస్తే నీళ్ళు కుళ్ళి చేపలు తేలిపోతాయి. కుళాయి నీళ్ళయితే ఒక రోజు నిలవుంచి పోయండి. తామరకు రోజూ ఐదారు గంటల ఎండ కావాలి, కానీ రోహిణి కార్తెలో చిన్న టబ్బు కాగిపోతుంది, మధ్యాహ్నం నీడ పట్టండి. పక్క మొక్కలకు పురుగుమందు కొట్టేరోజు తొట్టి మీద గోనె కప్పాల్సిందే. ఆకులు మరీ కమ్మేస్తే కొన్ని తీసేయండి, వాటి చాటున లార్వా దాక్కుంటుంది.

ఇంకో మాట, ఇది కాస్త గట్టిగానే చెబుతాం. పూలు బాగున్నాయని గుర్రపుడెక్క తెచ్చి తొట్లో వేయకండి. పెరిగిపోయాక తీసి కాలవలో పడేస్తాం. కాటన్ దొర కాలవల్లో ఆ డెక్క అడ్డుపడి శివారు చేలకు నీళ్ళందక మగ్గేది మళ్ళీ మనమే. గప్పీలనైనా సరే కాలవలో, చెరువులో వదలొద్దు. వానకు తొట్టి పొంగే చోట దోమతెర గుడ్డ కట్టండి.

గప్పీ గుడ్లు పెట్టదు, ఏకంగా పిల్లల్నే కంటుంది, నెలకో కాన్పు. సంఘానికి ఒక తొట్టి ఉంటే మిగతావాళ్ళు అందులోంచే పంచుకోవచ్చు. కావలసినవాళ్ళు పొద్దున్నే, ఎండెక్కకముందు, మూతున్న డబ్బా తెచ్చుకోండి.