ఉపజాతి ఎప్పుడు జాతి అవుతుంది?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువుభత్యం గురించి మాట్లాడవలసిన చోట ఈ పక్షుల గోల ఏమిటని ఇందాకే ఒక మిత్రుడు అడిగారు. రిటైరయ్యాక నేను పట్టుకున్న వ్యాపకం ఇది. కార్యదర్శిగారు పది నిమిషాలే ఇచ్చారు గనుక ఒక్క సంగతి మనవి చేస్తాను.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఇంటిపేరూ, పేరూ రెండూ ఒకటే అయిన గుమాస్తాలు ఇద్దరుండేవారు. ఒకరు పెట్టిన సెలవు రెండోవారి సర్వీసు రిజిస్టరులో ఎక్కింది. రిటైరయ్యేదాకా ఎవరూ గమనించలేదు. పాపం, ఆయన పింఛను కాగితాల కోసం ఏడాదికి పైగా తిరిగారు. పక్షుల లెక్కల్లోనూ ఇలాంటివి జరుగుతాయి. కాకపోతే అవి అర్జీ పెట్టుకోలేవు.

ఒకే జాతి పక్షులు ప్రాంతాన్నిబట్టి రంగులోనో, పరిమాణంలోనో కాస్త మారితే వాటిని ఉపజాతులంటారు. ఆ తేడా ఎంత ఉంటే విడి జాతి అనాలి? 1942లో ఎర్న్‌స్ట్ మేయర్ ఇచ్చిన నిర్వచనం ప్రసిద్ధం. తమలో తాము జతకట్టి సంతానం పొందుతూ, ఇతర గుంపులతో కలవకుండా ఉండేవే ఒక జాతి అన్నారాయన. రెండు గుంపులూ ఒకేచోట ఉంటే ఇది చూసి తేల్చవచ్చు. ఒకటి ఒక దీవిలో, మరొకటి ఇంకో దీవిలో ఉంటే? కలిస్తే జతకట్టేవో లేదో ఎవరు చెప్పగలరు?

ఒకే కొండమీద ఉన్నా కనిపెట్టలేని సందర్భాలూ ఉన్నాయి. తూర్పు హిమాలయాల్లో ప్లెయిన్-బ్యాక్డ్ థ్రష్ అనే గోధుమరంగు పక్షి ఉంది. 2009లో అరుణాచల్ ప్రదేశ్‌లో స్వీడన్ శాస్త్రవేత్త పేర్ ఆల్‌స్ట్రోమ్, మన శశాంక్ దాల్వీ ఒక వింత గమనించారు. అడవిలో ఉన్న పక్షి పాట చెవికి ఇంపుగా ఉంది. ఇంకా పైన, చెట్లు ఆగిపోయి రాళ్లు మొదలయ్యే చోట అదే పేరున్న పక్షి గరగరమని గీరినట్టు పాడుతోంది. చూపుకు మాత్రం రెండూ ఒకటే!

పాట ఒక్కటే చాలదు గదా. అనేక దేశాల మ్యూజియంలలో భద్రపరచిన పాత నమూనాలను కొలిచారు. ముక్కు, కాలు, తోక, రెక్క అన్నీ పోల్చారు. డి.ఎన్.ఏ. పరీక్షించారు. ఇవి లక్షలాది సంవత్సరాల క్రితమే విడిపోయాయని తేలింది. పైగా చైనాలోని సిచువాన్ పక్షి ఇంకో జాతి అని బయటపడింది. 2016లో ఫలితాలు ప్రకటించి, అడవి పక్షికి మన సలీం అలీ గారి పేరు పెట్టారు. 1930ల తొలినాళ్లలో నిజాం సంస్థానంలో పక్షుల సర్వే చేసిన మహానుభావుడాయన.

మరి దీవుల పక్షుల మాటేమిటి? 2010లో కొందరు శాస్త్రవేత్తలు మార్కుల పద్ధతి ప్రతిపాదించారు. రంగు, కొలతలు, కూత, నడవడి ఒక్కొక్కటి చూసి చిన్న తేడాకు 1, మధ్యస్థానికి 2, పెద్దదానికి 3, అసాధారణమైనదానికి 4 వేస్తారు. 7 వస్తే ప్యాసు! చిన్నచిన్న తేడాలు ఎన్ని పోగేసినా వాటితోనే ప్యాసు కారు. ఇందులో డి.ఎన్.ఏ.కు మార్కులు లేవని కొందరికి అభ్యంతరం. నాకూ ఆ అభ్యంతరం సబబుగానే తోస్తుంది. కాని అన్నిటికీ రక్తనమూనాలు దొరకవు గదా.

ఇదంతా పేర్ల తగవేనా అని మా ఇంట్లోవారే అడిగారు. కాదండీ. ఈ మార్కుల పద్ధతితో బర్డ్‌లైఫ్ సంస్థ 2014లో 361 పక్షులను కొత్తగా జాతులుగా గుర్తించింది. వాటిలో నాలుగోవంతుకు పైగా అంతరించే ప్రమాదంలో ఉన్నట్టు తేలింది. అప్పటిదాకా ప్రమాదంలేని పెద్ద జాతి పేరు చాటున అవి కనబడలేదు. ఉపజాతిగా ఉన్నంతకాలం వాటి సంఖ్య విడిగా లెక్కకు రాదు, డబ్బూ సంరక్షణా పెద్దగా అందవు.

తీర్పుల్లో తేడాలు వచ్చి ప్రపంచంలో వేర్వేరు జాబితాలు నడిచాయి. ఒకదానిలో జాతి అయినది మరోదానిలో ఉపజాతిగానే ఉండేది. 2025 జూన్‌లో ఏవిలిస్ట్ పేరుతో ఉమ్మడి జాబితా వెలువడింది. అందులో 11,131 జాతులున్నాయి. కొత్త ఆధారం దొరికితే ఇదీ మారుతుంది.

మా మనవరాలు పెరట్లో గోరింకల కూతలు సెల్‌ఫోనులో రికార్డు చేస్తోంది. వినగోరేవారు భోజనాలయ్యాక నా దగ్గరకు రండి. సెలవు.